గోతిలో వినపడిన అయిదో గొంతు

మా ఊరికీ ఏటిగట్టుకీ మధ్య ఒక గొయ్యి ఉండేది. గట్టు ఎత్తు పెంచడానికి ఎప్పుడో మట్టి తవ్వుకుపోగా మిగిలిన పోరంబోకు గొయ్యి అది. పొడవు నూట పది అడుగులు, వెడల్పు డెబ్బై రెండు. గట్టు వైపు నిలువుగా నిలిచిన మట్టి పద్నాలుగు అడుగులు. ఈ కొలతలు నాకెవరూ ఇవ్వలేదు. నేనే తాడు పట్టుకుని కొలుచుకున్నాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి కాబట్టి, కొలిచి చూసుకుంటే తప్ప దేన్నీ నమ్మబుద్ధి కాదు నాకు.

తొంభై ఆరు తుఫాను తర్వాత, మిగిలిన కొబ్బరిచెట్ల మీద మా వాళ్ళకి ప్రేమ పెరిగింది. ఉడతలు పిందెలు కొరికి పడేస్తున్నాయని, వాటిని బెదిరించడానికని, ఒకరిని చూసి ఒకరు ఎయిర్ గన్నులు కొన్నారు. ఆ గన్నులకు బెదిరిన ఉడతని నేనైతే చూడలేదు. కొన్న వస్తువు ఊరికే ఉంచడం ఇష్టంలేక ఆదివారం ఉదయాలు గోతిలో చేరడం మొదలైంది. తుఫానులో పడిన కొబ్బరిమాను ఒకటి మట్టిగోడ ముందు అడ్డంగా దొర్లించి, దానిమీద ఖాళీ కొబ్బరిచిప్పలు వరసగా బోర్లించి, ఇరవై అయిదు గజాల దూరం నుంచి కొట్టేవాళ్ళం. ఆ దూరం దగ్గర ఒక కొబ్బరితాడు నేలమీద పరిచి ఉండేది. గన్ను పట్టుకున్నవాడు తాడు దాటకూడదు.

గొయ్యి ఎవరిదీ కాదు. అందుకని అందరిదీ. గడ్డి కోసుకునేవాళ్ళకీ, గేదెల్ని ఏటికి తోలుకెళ్ళేవాళ్ళకీ అదే దారి. మాలో పెద్దవారు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, మొదటి వారమే మర్యాదలు నిర్ణయించేశారు. ఆయన ప్రార్థన ముగించుకుని తెల్లబట్టల్లో చర్చి నుంచి నేరుగా వచ్చేవారు. మనిషి కనపడితే గన్ను విరవాలి. మేం వాడే గన్నులు మధ్యకి వంగేవి. అలా వంచి గొట్టం కిందికి వేలాడేసినంతసేపూ అవి పేలవు. దాన్నే విరవడం అనేవాళ్ళం. అడక్కుండా ఒకరి గన్ను ఒకరు ముట్టుకోకూడదు. వెళ్ళేముందు పగిలిన చిప్పలన్నీ ఏరి బుట్టలో వెయ్యాలి.

గడ్డిమోపుతో ఒకావిడ ప్రతి ఆదివారం సరిగ్గా మేం గురి పెట్టే వేళకే గట్టు దిగేది.

"ఏవండీ, మీ యుద్ధం కాసేపు ఆపితే మేం పోతావండి," అని అరిచేది.

"పదండమ్మా, ఆపేవండి," అంటూ మాస్టారు లేచి నిలబడేవారు. మేమందరం గన్నులు విరిచేవాళ్ళం. ఆవిడ వెళ్తూ వెళ్తూ మా చిప్పలు చూసి, "పొద్దున్నించీ ఇన్నేనా పగిలింది? మా ఇంట్లో పిల్లి ఎక్కువ పగలగొడతాదండి," అనేది.

కువైట్ నుంచి ఏడాదికో నెల సెలవు మీద వచ్చే ఒకాయన ఉండేవాడు. మా అందరిలో మంచి గన్ను ఆయనదే. ఒకసారి చిప్పల బదులు ఖాళీ సోడాసీసాలు తెచ్చి మానుమీద నిలబెట్టాడు.

"కువైట్లో అందరూ బూట్లేసుకుంటారేమోనయ్యా," అన్నారు మాస్టారు. "ఇక్కడ గేదెకి చెప్పులు కూడా ఉండవు. తీసెయ్."

"ఆయ్, తీసేస్తానండి," అని ఆయన నవ్వుతూనే సీసాలన్నీ సంచిలో వేసుకున్నాడు.

నేను పెట్టిన మర్యాద ఒక్కటే ఉంది. దాని గురించే ఇదంతా రాస్తున్నాను.

చిప్పలు అయిపోయాక కొత్తవి పెట్టడానికి ఒకరు మాను దగ్గరికి వెళ్ళాలి. మిగతావాళ్ళు గన్నులు విరిచారో లేదో వెళ్ళేవాడు చూసుకోవాలి. కానీ తాడు వెంట మోకాలెత్తు రెల్లుగడ్డి. పడుకుని కొట్టేవాళ్ళ గన్నులు అందులో కనపడేవి కావు. అప్పుడు నేను ఒక ఉపాయం చెప్పాను. వెళ్ళేవాడు "ఆగేరా అండీ?" అని కేకెయ్యాలి. గన్ను విరిచినవాడు "ఆయ్" అనాలి. ఆ గొంతులు నేను లెక్కపెట్టి సరిపోయిందంటేనే మనిషి తాడు దాటాలి.

అది నాకు సహజంగా తోచిన పద్ధతి. అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్టులో నా పని అదే. లారీలోకి కాయలు విసిరేవాడు ప్రతి జతకీ పాటలా ఒక అంకె పలుకుతాడు. నేను కాయల వైపు చూడను. గొంతు వింటూ, నూరు పూర్తయినప్పుడల్లా ఒక కాయ తీసి పక్కన పెడతాను. పదహారేళ్ళలో నా లెక్క తప్పిందని ఒక్క లారీ కూడా వెనక్కి రాలేదు. చూపు చెదురుతుంది గానీ చెవి చెదరదని నా నమ్మకం. గోతిలో అందరూ ఒప్పుకున్నారు. లెక్క నాదయ్యేసరికి ఎవరూ మారుమాట్లాడలేదు.

నాలుగేళ్ళు ఆ పద్ధతి నడిచింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక ఫిబ్రవరి ఆదివారం. గన్నులు ఆరు. మాస్టారిది, కువైటాయనది, మా ఊరి ఆర్ఎంపీ డాక్టరు గారిది, నాది, కురిడీల, అంటే ఎండిన కొబ్బరికాయల, షాపుల వాళ్ళిద్దరివి. ఆ ఇద్దరికీ ఈ కథలో పనిలేదు కనుక వాళ్ళ గురించి చెప్పను. గన్ను లేని మనిషి ఒకరున్నారు. రాజోలు వైపు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన కువైటాయన బావగారు. ఇస్త్రీ చొక్కా నలగకుండా ఎడమచివర గడ్డిలో రుమాలు పరుచుకుని డాక్టరు గారి వెనక కూర్చున్నారు. ఎవరేం చెప్పినా శ్రద్ధగా తలూపుతున్నారు.

డాక్టరు గారు పట్టుదల మనిషి. ఆయన ముందు చివరి చిప్ప ఒకటి ఎంతకీ పడటం లేదు. పడుకుని, ఎడమకన్ను మూసి, ఊపిరి బిగబట్టి, ఏ కేకా చెవికెక్కనంత ధ్యాసగా గురిచూస్తున్నారు. ఇది నేను తర్వాత తెలుసుకున్నది. అప్పుడు గడ్డిలో నాకు ఆయన కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి.

మాస్టారు చిప్పలబుట్ట తీసుకుని లేచారు.

"ఆగేరా అండీ?"

"ఆయ్." అది నాది. "ఆయ్." కువైటాయనది. "ఆయ్, ఆయ్." షాపుల వాళ్ళిద్దరూ. ఎడమచివర నుంచి ఇంకొకటి, మెత్తగా, "ఆయ్."

"అయిదు. సరిపోయింది. వెళ్ళండి మాస్టారూ," అన్నాను.

ఈ మూడు మాటలూ నేను అన్నాను. మరెవరో అన్నవి కావు. ఇన్నేళ్ళ తర్వాత కాగితం మీద చూస్తుంటే కూడా నా చెయ్యి ఆగిపోతోంది.

మాస్టారు ఎడమ పక్కనుంచి నడిచి మాను చేరారు. వంగి ఒక చిప్ప బోర్లించారు. డాక్టరు గారి చిప్ప ఇంకా పడలేదని చూసి, ఏదో వెటకారం ఆడటానికి మా వైపు తల తిప్పారు. అప్పుడు టప్ మని శబ్దం. ఎయిర్ గన్ను శబ్దం పెద్దదేమీ కాదు, తలుపు గొళ్ళెం పడినట్టు ఉంటుంది. మాస్టారి చేతిలో బుట్ట పడిపోయింది. చిప్పలు దొర్లాయి. ఆయన అరవలేదు. రెండు చేతులూ ముఖానికి పెట్టుకుని మానుమీద మెల్లిగా కూర్చున్నారు. తెల్లచొక్కా మీద ముందు ఒక చుక్క, తర్వాత మూడు, తర్వాత లెక్కలేదు.

నేను కదల్లేదు. నోట్లో "అయిదు" అనే మాటే ఉంది. అయిదు వచ్చాయి కదా, మరి ఇదెలా పేలింది? మనిషి రక్తం కారుతుంటే నేను ఆలోచించింది అది.

మాస్టారిని ముందు చేరింది డాక్టరు గారే. "నేను కొట్టేనండి, నేనే కొట్టేనండి," అంటూ పరుగెత్తారు. అక్కడికి చేరాక మాత్రం మాస్టారి మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"మాస్టారూ, నలపకండి. చెయ్యి తియ్యండి. నీళ్ళు పొయ్యద్దు ఎవరూ!"

గుండు మాస్టారి కళ్ళజోడు కుడి అద్దానికి తగిలింది. అద్దం ముక్క కంట్లోకి పోయింది. డాక్టరు గారు తన కండువా చింపి వదులుగా కట్టారు. కువైటాయన మోటారుసైకిల్ మీద మాస్టారిని మధ్యన కూర్చోబెట్టుకుని, వెనక డాక్టరు గారు పట్టుకుని, అమలాపురం వెళ్ళారు. కొట్టిన మనిషే పట్టుకుని తీసుకెళ్ళడం చూసి షాపుల వాళ్ళిద్దరూ ఇళ్ళకు పోయారు.

గన్నులు ఏరే పని నాకు పడింది. ఒక్కొక్కటే గోనెసంచి మీద పెట్టాను. విరిచినవి అయిదు, మాస్టారిదానితో కలిపి. విరవనిది ఒకటి. మాస్టారిది తీసేస్తే విరిచినవి నాలుగు. గొంతులు అయిదు. రెండోసారి లెక్కపెట్టాను. మూడోసారి పెడుతుంటే, రుమాలు చేతిలో నలుపుకుంటూ ఇంకా నిలబడే ఉన్న బావగారు కనిపించారు.

"ఏవండీ, మాస్టారు అడిగినప్పుడు తమరేమైనా అన్నారా?" అన్నాను.

"ఆయ్ అన్నానండి."

"తమ దగ్గర గన్ను లేదు కదండీ."

"లేదండి. అందరూ అంటున్నారు కదండీ. పెద్దాయన అంత గట్టిగా అడుగుతుంటే ఊరుకుంటే బాగోదని…" ఆయన ముఖం చూస్తే తనేం చేశారో ఆయనకింకా తెలియదని అర్థమైంది. "ఏమండీ, అనకూడదాండి?"

"అబ్బే, ఏం లేదండి," అన్నాను.

మా కోనసీమలో పెద్దవాళ్ళు పలకరిస్తే పలక్కుండా ఉండేవాడు లేడు. ఆ సంగతి తెలిసిన నేను, మనిషి ప్రాణాన్ని ఆ పలుకు మీద పెట్టాను. గన్నులు లెక్కపెట్టవలసిన చోట గొంతులు లెక్కపెట్టాను. కాయల కొట్టులో బయటివాడు అంకె పలకడు. గోతిలోకి ఎవరైనా వస్తారు.

పంతొమ్మిది రోజులు ఈ మాట నాలోనే ఉంచుకున్నాను. కంట్లో ముక్క తీశారని, చూపు నిలుస్తుందో లేదో కట్టు విప్పాక గానీ చెప్పలేమని అన్నారు. ఊళ్ళో మాత్రం తీర్పు అయిపోయింది. "డాక్టరు గారికి తొందరెక్కువండి. ఆయ్ అనేసి కొట్టేసేరంట," అనుకున్నారు. ఆయన కాదనలేదు. తను అన్నారో లేదో ఆయనకే గుర్తులేదు. సూది మందు వేయించుకునేవాళ్ళు పక్క ఊరు పోవడం మొదలుపెట్టారు. నేను రోజూ ఆయన అరుగు ముందు నుంచి సైకిల్ మీద పనికి పోతూ నమస్కారం పెట్టేవాణ్ణి.

కట్టు విప్పే రోజు మాస్టారికి తోడుగా నేను వెళ్ళాను. కళ్ళ డాక్టరు మాస్టారి ఎడమకన్ను మూసి, రెండు వేళ్ళు చూపించాడు.

"ఎన్నండీ?"

మాస్టారు చాలాసేపు చూశారు. "మూడండి," అన్నారు.

కళ్ళ డాక్టరు చీటీ మీద రాసుకున్నాడు. వెలుతురు తెలుస్తోంది, మనిషి ఆకారం తెలుస్తోంది, అంతకు మించి ఇప్పుడే చెప్పలేనన్నాడు. బయట వరండాలో బెంచీమీద కూర్చున్నాక మాస్టారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు చెప్పవోయ్. అంకె దగ్గర అబద్ధం ఆడవు నువ్వు. ఎన్ని చూపించేడు?"

"రెండండి."

"ఊఁ," అన్నారు. చెయ్యి తియ్యలేదు.

అప్పుడు నా నోరు తెరుచుకుంది. "మాస్టారూ, ఆ రోజు కూడా తప్పు చెప్పేనండి. అయిదు కాదండి, నాలుగే. డాక్టరు గారు ఆయ్ అనలేదు. అన్నది చుట్టపాయన. మీరు వెళ్ళండని చెప్పింది నేనండి."

ఆయన బాగున్న కన్ను నా వైపు తిప్పారు. కోపం ఉంటుందనుకున్నాను. అందులో నిర్ఘాంతం తప్ప ఏమీ లేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆ రోజేనండి. గన్నులు ఏరుతుంటే."

"ఆ రోజే!" అన్నారు. నా మోచెయ్యి వదిలేశారు. "నన్ను బస్సెక్కించక్కర్లేదు. నేను పోగలను. నువ్వు ముందెళ్ళి ఆయనకి చెప్పు. ఊళ్ళో అందరూ వినేటట్టు చెప్పు."

ఊరు చేరేసరికి ఎండ ముదిరింది. డాక్టరు గారి అరుగుమీద రోగుల బెంచీ ఖాళీగా ఉంది. ఎదురింటివాళ్ళు వాకిట్లో కొబ్బరిపీచు ఆరేస్తున్నారు. వాళ్ళకి వినపడేటట్టే చెప్పాను. ఎన్ని గొంతులో, ఎన్ని గన్నులో, సరిపోయిందని అన్నది ఎవరో, ఎన్ని రోజులు దాచానో. ఆయన తలుపు పట్టుకుని మొత్తం విన్నారు. ఎదురింటావిడ పీచు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తిడతారని నిలబడ్డాను. ఆయన అడిగింది వేరు.

"కట్టు విప్పేరా? వేళ్ళు చూపించేరా?"

"చూపించేరండి. రెండు చూపిస్తే మూడన్నారు."

డాక్టరు గారు తలుపు వదిలేసి మెట్టుమీద కూలబడ్డారు. "లెక్క మీదైతే ఏమండీ," అన్నారు, చాలా సన్నగా. "గుండు నాదే కదండీ."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఇద్దరం మాస్టారి బస్సు కోసం ఎదురుచూశాం.