పాపకు రెండు జడలు

మా ఆవిడకు ఇక మందులు పనిచేయవని కాకినాడ డాక్టరుగారు చెప్పి వారమైంది. ఈ ఉదయం తను మంచం మీద కూర్చుని, రెండో తరగతి చదివే మా పాపకు నా చేత జడలు వేయించింది.

“పాయలు బిగించి పట్టుకోండి, జారిపోతున్నాయి.”

“నువ్వుండగా నాకెందుకే ఇదంతా?” అన్నాను.

“నేనుండగానే నేర్చుకోవాలండీ,” అంది, పాపకు వినపడకుండా.

పాయలు వదిలేశాను, అల్లినదంతా విడిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను.

పాప అద్దంలో చూసుకుని, “ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి నాన్నా!” అంది. మా ఆవిడ నవ్వింది. పాప అలాగే స్కూలు బస్సెక్కింది.

సాయంత్రమైనా నాకు భయం తగ్గలేదు. జడలు వేసే నాన్నలెవరైనా ఉంటే చెప్పండి, మీకు చెయ్యి కుదరడానికి ఎన్నాళ్ళు పట్టింది? నాకు అంత టైముందో లేదో తెలియడం లేదు.