కంప్యూటరు జాతకానికి కొత్త వెర్షన్ వచ్చిన రోజులు

మొన్న ఉదయం లేచి చూసేసరికి నా ఫోను నన్నొక మాటైనా అడక్కుండా కొత్త వేషం వేసుకుని కూర్చుంది. నిన్నటిదాకా వేలు పెట్టగానే దొరికే గుర్తులన్నీ ఎక్కడెక్కడికో పోయాయి, మందుల వేళకి మోగాల్సిన అలారం మూగబోయింది, దానికి పరిహారమన్నట్టు తెర పైనుంచి ఒక చీటీ జారి, నా రాశివారు ఇవాళ పెద్దవాళ్లతో వాదనకి దిగకపోవడం మంచిదని హితవు చెప్పింది. నాకంటే పెద్దవాళ్లు ఈ బొల్లారంలో ఎందరు మిగిలారో దానికేం తెలుసు, నా రాశి ఏదో నేను దానికెప్పుడు చెప్పాను కనక. పక్కవాటాలో ఉండే అమ్మాయిని పిలిచి చూపిస్తే, “అప్‌డేట్ అయింది ఆంటీ, మంచిదే” అంది. పాతదానికి వచ్చిన జబ్బేమిటంటే ఆమెకీ తెలియదు. సరే, వార్తలైనా చూద్దామని టీవీ పెడితే, తెర పైభాగంలో ఉపగ్రహం కక్ష్యలోకి చేరిందన్న కబురు, కిందిభాగంలో ఏ రంగు చొక్కా తొడుక్కుంటే ఉద్యోగం నిలుస్తుందో చెప్పే ప్రకటన, రెండూ ఒకేసారి నడుస్తున్నాయి. కాఫీ సయించలేదు.

ఈ వెగటు నాకు మొదటిసారి ఎక్కడ పుట్టిందో బాగా గుర్తుంది. హైటెక్ అన్న మాట ఊరంతా ఒక అంటువ్యాధిలా తిరిగిన రోజులవి. ప్రతి సందు మొగలోనూ కంప్యూటరు కోర్సుల బోర్డులు వేలాడేవి, ఇడ్లీ బండివాడు కూడా హైటెక్ టిఫిన్స్ అని రాయించుకున్నాడు, డిగ్రీ తప్పిన పిల్లలు సైతం జావా, ఒరాకిల్ అని మంత్రాల్లా పలికేవారు. మన ఈడువాళ్లు మరిచిపోయి ఉండరు. మాది విజయనగరం వైపు. మా నాన్న సంఘసంస్కరణ సభల్లో వాదించి వాదించి గొంతు పోగొట్టుకున్న మనిషి. మా వీధికి కరెంటు వచ్చినప్పుడు, ఇక దయ్యాలకి ఉద్యోగం పోయినట్టేనని నవ్వేవారు. కొంతమేరకి ఆ మాట నిజమైంది కూడా, దీపస్తంభం వేశాక చింతతోపు దగ్గరి దయ్యం ఎవరికీ కనపడలేదు. అందుకే సికింద్రాబాదులో టీచరుగా పనిచేస్తున్న నేను, కంప్యూటర్లు రావడం చూసి, దయ్యాల తరవాత ఇప్పుడు జాతకాల వంతు అనుకున్నాను. లెక్క మనిషి చేతిలోంచి యంత్రం చేతికి వెళ్తే, ఆ లెక్కకి అర్థం లేదని తేలిపోతుందని నా నమ్మకం.

రెజిమెంటల్ బజార్లో ఒక ట్రంకుపెట్టెల దుకాణం మీది గదిలో ఆదివారాలు మా హేతువాద గోష్ఠి జరిగేది. పది పన్నెండుమందిమి చేరేవాళ్లం. చర్చి స్కూలు నుంచి వచ్చే ఒక క్రైస్తవ మాస్టారు బైబిలు సంచిలో పెట్టుకునే వచ్చి మాతో గంటల తరబడి తగువు పడేవారు, చివర అందరికీ ఆయనే ఇరానీ చాయ్ తెప్పించేవారు. తగువు అంటే అదీ. ఎదుటివాడి మాట చివరంటా వినాలి, జవాబు లేనప్పుడు లేదని ఒప్పుకోవాలి. మా మెట్ల కింద ఉన్న ఎస్టీడీ బూతు ఒకనాడు మూతపడి, వారం తిరక్కుండా దాని స్థానంలో కంప్యూటరు జాతక కేంద్రం వెలిసింది. పై గదికి పదిమందిమి, కింది గదికి రోడ్డుదాకా వరస.

ఆ కేంద్రం లోపలికి వెళ్లాలంటే చెప్పులు బయట విడవాలి. ఆ రోజుల్లో కంప్యూటరున్న ఏ గదికైనా అదే పద్ధతి, లోపల ఏసీ, దుమ్ము పడితే యంత్రం పాడవుతుందని భయం. కానీ మనవాళ్లకి చెప్పులు విడిచిన చోట చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. గడప దాటగానే మానిటరుకి దండం పెట్టేవారు. మానిటరు నెత్తిన పసుపూ కుంకుమా, కీబోర్డు మీద మందారపువ్వు. ప్రింటరు గరగరమని కాగితం కక్కుతుంటే ముసలమ్మలు కళ్లు మూసుకునేవారు. దుమ్ముకని పెట్టిన ఏర్పాటు నా కళ్లముందే మడిగా మారిపోయింది. పై గదికి మెట్లెక్కేటప్పుడల్లా ఆ గడప ముందున్న చెప్పుల గుట్టని దాటుకుని పోవాల్సి వచ్చేది.

అయినా ఆ వరసలో మా ఇంటివాళ్లు ఉండకపోతే, ఒక వ్యాసం రాసి పత్రికకి పడేసి ఊరుకునేదాన్నేమో. మా చెల్లెలి కుటుంబం బోయిగూడలో ఉండేది. వాళ్లమ్మాయి ఇంజనీరింగు చదివి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం దాని పని. అక్కడే పనిచేసే శ్రీకాకుళం అబ్బాయి దానికి నచ్చాడు, అతనికి అది నచ్చింది, రెండిళ్లవాళ్లకీ అభ్యంతరం చెప్పడానికి ఏమీ దొరకలేదు. జాతకాలు చూపించందే తాంబూలాలు పుచ్చుకోనని మా మరిది పట్టుపట్టి, వెళ్లి వెళ్లి మా మెట్ల కింది కేంద్రంలోనే చూపించాడు. గుణాలు దివ్యంగా కలిశాయంది యంత్రం. తాంబూలాలు అయ్యాయి, పిల్ల ముఖం వెలిగిపోయింది, నేను నోరు మూసుకున్నాను.

అంతలో ఆ కేంద్రం ముందు, కొత్త వెర్షన్ వచ్చింది, పాత ఖాతాదార్లకి రంగుల్లో ఉచితంగా ప్రింటు తీసిస్తాం అని ఒక గుడ్డ బోర్డు కట్టారు. రంగుల జాతకం వియ్యాలవారి ముందు పెడితే దర్జాగా ఉంటుందని మా మరిది మళ్లీ వెళ్లాడు. అవే పుట్టిన తేదీలు, అవే వేళలు, అవే ఊళ్లు. ఈసారి యంత్రం గుణాలు చాలవంది, పైపెచ్చు అబ్బాయికి కుజదోషం ఉందని ఎర్రసిరాలో అచ్చేసి ఇచ్చింది. ఆ సాయంత్రానికి బోయిగూడ ఇంట్లో పొయ్యి వెలగలేదు. చెల్లెలు ఏడుపు, పిల్ల గది తలుపు వేసుకోవడం, మరిది హాల్లో అటూ ఇటూ తిరగడం. పాత కాగితం మాటేమిటయ్యా అని నేనడిగితే, ఆయన నావైపు జాలిగా చూసి, “అది పాత వెర్షన్ వదినగారూ. కొత్తది చేతికొచ్చాక పాతదాన్ని ఎవరు నమ్ముతారు?” అన్నాడు. అబ్బాయి ఇంటికి కబురంపి సంబంధం వదులుకుందామని అప్పటికే నిశ్చయించుకున్నాడు.

మర్నాడు పిల్లనీ మరిదినీ వెంటబెట్టుకుని ఆ కేంద్రానికి వెళ్లాను. చెప్పులు విడవకుండా గడప దాటాను. యజమాని స్థానికుడు, నల్లగా బొద్దుగా ఉండేవాడు, ఎవరినీ నొప్పించని స్వభావం. నా కాళ్లవైపు చూసి, “అమ్మా, జెర చెప్పులు బయట విడువుండ్రి. మిషిన్ పరేషాన్ అయితది” అన్నాడు.

“మీ మిషను ఇప్పటికే ఒక ఇల్లంతటినీ పరేషాన్ చేసింది. ముందు దీనికి జవాబు చెప్పండి” అని రెండు కాగితాలూ ఆయన ముందు పరిచాను.

ఆయన రెండింటినీ తిరగేసి, “పాత దాంట్ల గలతులు ఉండె మేడమ్. కంపెనోళ్లు గిప్పుడు సక్కజేసిన్రు” అన్నాడు.

“అయితే ఇన్నాళ్లూ మీరిచ్చిన జాతకాలన్నీ తప్పులేనా?”

“ఎందుకైతయ్? అప్పటికి అవి కరెక్టే.”

“రేపు ఇంకో వెర్షన్ వచ్చి ఇది కూడా తప్పంటే?”

“అంటే గప్పుడు సూద్దాం. మీకైతే అప్‌గ్రేడ్ ఫ్రీగనే ఇస్త.”

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనకీ నవ్వొచ్చింది. నాకు ఒళ్లు మండి, నా పెళ్లి జాతకం వేయమన్నాను. నాది అమావాస్యనాడు, మంగళవారం, ముహూర్తం అడగకుండా, పురోహితుడు లేకుండా జరిగిన పెళ్లి, అప్పటికి పాతికేళ్లు నిండిన కాపురం. నా వివరాలూ మా ఆయన వివరాలూ కొట్టి చూస్తే, ఈ జంట కలిసి ఉండడం అసంభవమని తేల్చింది యంత్రం. ఇక గెలిచాననుకున్నాను. ఆ మనిషి తెర చూసి, నా ముఖం చూసి, ఎంతో గౌరవంగా, “మీ పెద్దోళ్లు మీకు జెప్పకుండ శాంతి చేయించుంటరు మేడమ్” అన్నాడు. నా పక్కన నిలబడ్డ మరిది అవునన్నట్టు తల ఊపాడు. మా నాన్న శాంతి చేయించడమేమిటి. ఆ మాట ఆయన విని ఉంటే ఉన్న గొంతు కూడా పోయేది.

మా వెనక నిలబడ్డ పిల్ల ముందుకొచ్చి, “అన్నా, ఒకసారి లేస్తారా” అని ఆయన కుర్చీలో కూర్చుంది. అక్కడా ఇక్కడా నొక్కి ఒక పేజీ తెరిచింది. గ్రహాల లెక్కకి రెండు పద్ధతులున్నాయట, పాత వెర్షన్ ఒకదానితో మొదలయ్యేది, కొత్తది రెండోదానితో మొదలవుతోంది, తేడా అంతా ఒక గడిలో పెట్టే టిక్కుదే. టిక్కు మార్చింది. గుణాలు మళ్లీ కలిశాయి, కుజుడు శాంతించాడు. మళ్లీ మార్చింది, మళ్లీ విడిపోయారు. నేను నూరు ఉపన్యాసాల్లో చెప్పలేనిది ఈ పిల్ల రెండు వేళ్లతో చూపించింది, ఇప్పుడు తండ్రివైపు తిరిగి, చూశావా నాన్నా, ఇదంతా బూటకం అంటుంది అనుకున్నాను.

అది ఆ మాట అనలేదు. తమకి కావలసిన గడిలో టిక్కు ఉంచి, “దీన్ని రంగుల్లో తీయండి అన్నా” అంది. “గంతేనా బిడ్డా, నిన్న జెప్తె నిన్ననే తీస్తుంటి” అన్నాడాయన. మరిది ఆ కాగితం అందుకుని కళ్లకద్దుకున్నాడు. టిక్కు మార్చడం ఆయన కళ్లారా చూశాడు. చూసి కూడా కళ్లకద్దుకున్నాడు. బయటికి వచ్చాక నేను పిల్లని నిలదీస్తే, “నాన్నతో ఎప్పటికి గెలుస్తాం పెద్దమ్మా? నాకు పెళ్లి కావాలి, వాదన కాదు” అంది. దాని మాట కాదనలేను. దాని బతుకు అది దక్కించుకుంది. పెళ్లికి వెళ్లాను, కడుపునిండా తిన్నాను, ఆ రంగుల కాగితానికి లామినేషను చేయించి పళ్లెంలో పెట్టి తిప్పుతుంటే తల తిప్పుకున్నాను.

కొన్నేళ్లకి కంపెనీలు ఉద్యోగాలు ఊడబెరకడం మొదలుపెట్టాయి. ముందు అబ్బాయి ఉద్యోగం పోయింది, తరవాత అతని నిద్ర పోయింది, అటుపైన ఇద్దరి మధ్యా మంచి మాట పోయింది. ఒక మధ్యాహ్నం పిల్ల బొల్లారం వచ్చి నా వంటింట్లో కూర్చుని అంతా చెప్పుకుంది. ధైర్యం చెప్పాను, మార్కెట్టు మళ్లీ లేస్తుంది, మీ తప్పేమీ లేదు, ఎక్కడో అమెరికాలో ఎవరో చేసిన లెక్కలకి ఇక్కడ మీరు మూల్యం చెల్లిస్తున్నారు అని కారణాలన్నీ విప్పి చెప్పాను. అన్నీ విన్నాక అది తల వంచుకునే, “ఆ రోజు కొత్త వెర్షన్ చెప్పిందే నిజమేమో పెద్దమ్మా” అంది.

“ఆ టిక్కు మార్చింది నువ్వే కదే” అన్నాను.

“నేనే. అందుకే భయం” అంది.

నాకు వచ్చిన విద్య అంతా అక్కడ చెల్లకుండా పోయింది. తెలియనివాడికి తెలియజెప్పవచ్చునని మా నాన్న నాకు నేర్పారు, అన్నీ తెలిసి, లోపలి మర విప్పి చూసి, మళ్లీ బిగించి, దానికే భయపడే మనిషికి ఏం చెప్పాలో ఆయన నేర్పలేదు, ఆయన కాలంలో అటువంటి మనిషి లేడు. ఆ అబ్బాయికి తరవాత వేరే ఉద్యోగం దొరికింది, కాపురం నిలబడింది. ఎందుకు నిలబడిందని అడిగితే మాత్రం, ఏదో శాంతి చేయించామంటుంది నా చెల్లెలి కూతురు.

మన రోజుల్లో మూఢనమ్మకానికి ఒక ముఖం ఉండేది. అరుగు మీద ఎదురుగా కూర్చునేది, ప్రశ్న వేస్తే తడబడేది, ఒక్కోసారి సిగ్గుపడి లేచిపోయేది కూడా. ఇప్పుడు నేను ఎవరి ఎదుట కూర్చుని వాదించాలి? ఆదివారాలు ఖాళీగానే ఉన్నాయి, గొంతు ఇంకా బాగానే ఉంది. తప్పు అని చూపిస్తే ఔను తప్పే అని నవ్వి, సాయంత్రానికి సరిచేసిన అబద్ధాన్ని చేతికిచ్చే లోకంలో, ఒక ప్రశ్నకి తలొంచుకుని కాసేపు ఆలోచించే మనిషి కోసం చూస్తూ ఉన్నాను.