పాండురంగాపురం డౌనులో బాషా తీర్పులు

జిలానీ బాషాకి విశాఖపట్నంలో నచ్చిన బిల్డింగంటూ ఒక్కటీ లేదు. నచ్చకపోతే నోరు మూసుకుని పక్కనుంచి వెళ్ళిపోయే మనిషా అంటే అదీ కాదు. రైల్వే స్టేషను కానివ్వండి, కల్యాణమండపం కానివ్వండి, ఎవరో ముచ్చటపడి కట్టుకున్న రెండు గదుల డాబా కానివ్వండి, పైనుంచి కిందికి ఓసారి చూసి తన అభిప్రాయం దాని మొహానే చెప్పేసేవాడు. ఇంటివాళ్ళతో ఆయనకి పేచీ లేదు. మాట్లాడేది బిల్డింగుతోనే.

ఆయన వన్‌టౌన్ మనిషి. పాత పోస్టాఫీసు దగ్గర పరుపుల దుకాణం. ఇప్పుడది కొడుకు తారిఖ్ చూసుకుంటున్నాడు గానీ, పరుపులు మాత్రం బాషా బుర్రలోంచి పోలేదు. గోడ సాపుగా లేకపోతే దూది ఉండకట్టిందనేవాడు. కిటికీలు ఒక వరసలో లేకపోతే కుట్టు తప్పిందనేవాడు. అంతస్తు మీద అంతస్తు వేసుకుపోయిన అపార్టుమెంటు కనిపిస్తే, పెళ్ళివారింట్లో పరుపులన్నీ ఓ మూల పేర్చినట్టుందనేవాడు. ఇంకేం అన్నా అనకపోయినా చివర్న ఒక్క మాట తప్పదు.

"నానైతే ఇలాగ కట్టను."

జన్మలో ఆయన స్వయంగా కట్టింది ఒకే ఒకటి. భార్య ఆమినాబీ డబ్బాలు పెట్టుకోడానికి వంటింటి గోడకి వేసిన సిమెంటు అర. అదొక మధ్యాహ్నం మినప్పప్పుతో, కారప్పొడితో సహా కిందికి వచ్చేసింది. వీధి వీధంతా తుమ్మింది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే బాషా చలించేవాడు కాదు. అర బాగానే ఉందని, దాన్ని పట్టుకోవలసిన గోడే సరిగ్గా లేదని, ఆ గోడ కట్టినవాడిని అడగమని చెప్పేవాడు.

ఈ బాషాకి ప్రాణస్నేహితుడు నీలకంఠం. పద్మనాభం దగ్గర వరిపొలాల మధ్య పుట్టి, స్టీల్‌ప్లాంట్‌లో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. తన పెళ్ళికి పరుపు కొనడానికి వెళ్ళి, దుకాణంలో బేరం కుదరక సాయంత్రం దాకా కూర్చుండిపోయి, పరుపుతోపాటు స్నేహం కూడా ఇంటికి తెచ్చుకున్నాడు. ఎవరి చెల్లెల్ని ఎవరూ చేసుకోకపోయినా ఆనాటినుంచీ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు.

దుకాణం కొడుక్కి అప్పగించాక, నీలకంఠం ఉన్న అపార్టుమెంటులోనే ఎదురు ఫ్లాటు ఖాళీగా ఉందని తెలిసి బాషా చూడ్డానికి వచ్చాడు. హాలు చూసి దిండు గలీబులా ఇరుగ్గా ఉందన్నాడు. బాల్కనీ చూసి, ఇది బాల్కనీయా లేక మేస్త్రీ మర్చిపోయి వదిలేసిన పలకా అన్నాడు. అమ్మేవాడి మొహం చూసి నీలకంఠం బేరం చెడిందనే అనుకున్నాడు. ఆ మరుసటి వారమే బాషా సామాన్లతో దిగాడు.

అపార్టుమెంటు పాండురంగాపురం డౌనుకి పైన ఉంది. విశాఖలో ఎక్కే రోడ్డుని కూడా డౌననే అంటారు. బయటి ఊరివాళ్ళు దీనికి తికమక పడతారు గానీ, ఆ ఎత్తు రోజూ ఎక్కేవాళ్ళకి అందులో తికమకేం లేదు. ఎక్కాక దిగకుండా ఉంటామా. ఇద్దరూ పొద్దున్నే డౌను దిగి బీచికి వెళ్ళి, కాసేపు ఇసకలో కూర్చుని, మళ్ళీ డౌను ఎక్కి ఇంటికి వచ్చేవారు.

ఒకసారి బీచిరోడ్డులో ఓ లోకల్ ఛానెల్ అమ్మాయి మైకు పట్టుకుని, విశాఖలో మీకు నచ్చిన కట్టడం ఏదని వచ్చేపోయేవాళ్ళని అడుగుతోంది. ఒకాయన లైట్‌హౌసన్నాడు. కాలేజీ పిల్లలు ఒడ్డునున్న సబ్‌మెరీనన్నారు. అది కట్టడం ఎలా అవుతుందని ఇంకొకాయన వాళ్ళతో వాదన వేసుకున్నాడు. ఒకావిడ ఫ్లైఓవరంటే, ఆ ఫ్లైఓవరు వల్లే ఊరు పాడైందని పక్కన జాగింగు చేస్తున్న ఆయన ఆగి మరీ చెప్పాడు. అంతలో మైకు బాషా ముందుకి వచ్చింది. నీలకంఠం దణ్ణం పెట్టి వద్దని సైగ చేశాడు గానీ ఆ అమ్మాయి చూసుకోలేదు.

బాషా సబ్‌మెరీనుతో మొదలుపెట్టాడు. నీళ్ళల్లో ఉండవలసినదాన్ని ఒడ్డుకి తెచ్చి, చూసేవాళ్ళ చేత మెట్లెక్కించడం ఏం ధర్మమని అడిగాడు. అక్కణ్ణుంచి హోటళ్ళు, హోటళ్ళనుంచి బస్టాపులు, బస్టాపులనుంచి ట్రాఫిక్ ఐలండ్లు. మైకు పట్టుకున్న చెయ్యి మార్చుకుని మార్చుకుని, చివరికి ఆ అమ్మాయి ఏడుపుగొంతుతో ఊళ్ళో ఏదైనా ఒక్కటి నచ్చిందా అని అడిగింది. బాషా చుట్టూ కలయజూసి, సముద్రం వైపు తిరిగి చెయ్యి చూపించాడు.

"అదిగో, అది బావుంది. ఎవుడూ కట్టలేదు గనక."

ఆయన చెప్పిందంతట్లో ఆ ముక్కొక్కటే టీవీలో వచ్చింది. దానికే వన్‌టౌన్‌లో వారం రోజులు డబ్బులు ఇవ్వకుండానే టీ తాగాడు.

డౌను మధ్యలో రోజారమణిగారని ఓ టీచరమ్మ ఇల్లుంది. బాల్కనీకి గులాబీరంగు వేయించింది. బాషా రోజూ ఆ బాల్కనీని పలకరించి, నీకు జ్వరమేటి, ఆ బుగ్గలేటి అని అడిగేవాడు. ఎండాకాలం సెలవుల్లో ఆవిడ బాల్కనీకి తెల్లరంగు కొట్టించింది. మర్నాడు పొద్దున్న, ఇప్పుడేమంటాడో విందామని కాఫీ గ్లాసుతో బయటికి వచ్చి నిలబడింది కూడా. బాషా తలెత్తి చూసి, పాపం రక్తం లేదు అని వెళ్ళిపోయాడు. ఆవిడ కోప్పడలేదు. ఆ మర్నాటినుంచి, ఈయన నోట ఏం వస్తుందో వినకుండా ఆవిడకి కాఫీ దిగేది కాదు.

ఇలా నడుస్తుండగా నీలకంఠానికి గుండెల్లో నొప్పి వచ్చింది. ఆస్పత్రిలో స్టెంటు వేసి పంపించారు. నడవాలి గానీ ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం కొంచెం కొంచెం దూరానికి ఆగి, ఊపిరి తీసుకుని మరీ ఎక్కాలని డాక్టరు చెప్పాడు. ఈ చివరి మాట నీలకంఠానికి అవమానంగా తోచింది. ఫర్నేసు ముందు నిలబడినవాడికి డౌనొక లెక్కా. భార్య కాశమ్మ మొదటిరోజు తోడువచ్చి, సగంలో కాసేపు ఆగమంది. ఆగమన్నందుకు ఇంకాస్త వేగంగా ఎక్కి, ఇంటికొచ్చి చెమటలు పట్టి సోఫాలో పడ్డాడు. కాశమ్మ మర్నాటినుంచి బాషాని పంపించింది.

ఆ రోజులనుంచే బాషా వెర్రి ముదిరిందని నీలకంఠం గట్టిగా నమ్మాడు. ఇదివరకు నడుస్తూ నడుస్తూ నాలుగు మాటలు విసిరేసి పోయేవాడు. ఇప్పుడు బిల్డింగు కనబడితే చాలు, నడిరోడ్డు మీద నిలబడిపోతున్నాడు. గేటు గురించి ఒక ఉపన్యాసం. మెట్ల గురించి ఒకటి. నీలకంఠం చెయ్యి పట్టి లాగినా కదలడు. పైపెచ్చు పక్క పిట్టగోడ మీద కూర్చోబెట్టి, ఇక్కణ్ణుంచి చూస్తేనే ఆ మెట్ల వంకర తెలుస్తుందనేవాడు. కూర్చున్న నీలకంఠానికి ఏ వంకరా కనబడేది కాదు. మనిషికి వయసొచ్చింది, చాదస్తం పెరిగిందని కాశమ్మతో చెప్పుకునేవాడు. కాశమ్మ అవునని తలూపి లోపలికి వెళ్ళిపోయేది.

"నీతో ఒస్తే ఇల్లు సేరేసరికి మజ్జాన్నం అయిపోద్ది బావా," అని ఒకరోజు నీలకంఠం విసుక్కున్నాడు.

"నీకేటి, ఆఫీసుందేటి," అని బాషా ఆ పక్కనున్న నీళ్ళటాంకు వైపు తిరిగాడు.

కొన్నాళ్ళకి ఎలమంచిలిలో ఉన్న బాషా కూతురు నర్గీస్ ఇంట్లో డాబా మీద కొత్తగా గది వేయడం మొదలుపెట్టారు. నాన్నకి చెప్పొద్దని నర్గీస్ తల్లిని బతిమాలుకుంది. ఆమినాబీ చెప్పలేదు. మనవరాలు ఆస్రా ఫోనులో చెప్పేసింది. బాషా ఆ సాయంత్రమే బ్యాగు సర్దాడు. పని దగ్గరుండి చూడకపోతే అదీ ఈ ఊరి బిల్డింగుల్లాగే తగలడుతుందని ఆయన భయం.

నీలకంఠానికి నిజానికి హాయిగా అనిపించింది. ఇన్నాళ్ళకి ఆగకుండా డౌను ఎక్కవచ్చు. మర్నాడు పొద్దున్న చెప్పులు వేసుకుని కిందికి దిగేసరికి గేటు దగ్గర అర్జునరావు నిలబడి ఉన్నాడు. ఆయన కింది ఫ్లాటులో ఉంటాడు. పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. అంత ఎత్తున ఒంటరిగా కూర్చుని కూర్చుని మాట్లాడ్డం మర్చిపోయాడని అపార్టుమెంటులో అనుకునేవారు. తనూ వస్తానన్నట్టు తలూపి వెంట నడిచాడు.

దిగడం బాగానే దిగారు. తిరిగి ఎక్కేటప్పుడు మొదటి మలుపు దగ్గర అర్జునరావు ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఎదురుగా ఉన్న అపార్టుమెంటు కేసి దీర్ఘంగా చూశాడు.

"బిల్డింగు," అన్నాడు.

నీలకంఠం కూడా చూశాడు. బిల్డింగే. అందులో సందేహం ఏమీ లేదు. కాసేపయ్యాక మళ్ళీ నడిచారు. ఇంకొంచెం పైకి వెళ్ళాక అర్జునరావు మళ్ళీ ఆగాడు.

"ఇదీ బిల్డింగే," అన్నాడు.

మూడోసారి ఆగినచోట ఒక ఖాళీ స్థలం, చుట్టూ ముళ్ళతీగ, లోపల రెండు మేకలు ఉన్నాయి. అర్జునరావు ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకున్నాడు. ఇక్కడ బిల్డింగు లేదన్నాడు. నీలకంఠం నడుంమీద చేతులు పెట్టుకుని, అసలు ఇదంతా ఏమిటని నిలదీశాడు. అర్జునరావు కాలితో గులకరాయి దొర్లించి, చివరికి నోరు విప్పాడు.

"బాషా సెప్పేడండి. ఎక్కేటప్పుడు మద్దిమద్దిలో ఆగి, కనబడిందాన్నల్లా తిట్టమన్నాడు. నాకేమో తిట్లు రావు."

నీలకంఠం పక్కనున్న పిట్టగోడ మీద కూలబడ్డాడు. అప్పుడు తట్టింది ఆయనకి. బాషా రోజూ అవే బిల్డింగుల పక్కనుంచి పొద్దున్నే కిందికి దిగుతాడు. దిగేటప్పుడు ఒక్కదాని దగ్గరా ఆగడు. వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అనేసి పోతాడు. అదే బాల్కనీ, అదే గేటు, అవే మెట్లు, ఎక్కేటప్పుడే అంత అధ్వాన్నంగా ఎందుకు కనబడతాయో, తనకి కూర్చోడానికి పిట్టగోడ ఉన్నచోటే ఎందుకు కనబడతాయో ఇన్నాళ్ళూ ఆలోచించలేదు. అర్జునరావు కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ మేకల్ని చూస్తూ ఊపిరి తీసుకున్నారు.

ఇంటికి వెళ్ళి కాశమ్మని అడిగాడు. ఆవిడ కూర తరుగుతూ తల ఎత్తకుండానే అంతా చెప్పింది. తనతో నడిచి చెమటలు పట్టిన రోజు సాయంత్రం బాషా వచ్చాడట. ఆగమంటే ఆగడు అన్నయ్యా అని తను కళ్ళనీళ్ళు పెట్టుకుందట. అప్పుడాయన, డాక్టరు ఎంతెంత దూరానికి ఆగమన్నాడో అడిగి కనుక్కుని, ఆ సాయంత్రమే ఒక్కడూ డౌను దిగి, ఎక్కుతూ, పిట్టగోడలు ఎక్కడెక్కడున్నాయో చూసుకుని వచ్చాడట.

"నాతో ఏటన్నాడో తెల్సా," అంది కాశమ్మ. "నువ్వు ఆగమనకు సెల్లెమ్మా, మొండికేత్తాడు. నాను ఆగితే ఆడే ఆగుతాడు. నానెలాగూ ఎర్రోణ్ణే గదా అన్నాడు."

నీలకంఠం తన బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఎదురు ఫ్లాటు బాల్కనీని బాషా అన్నట్టు, మేస్త్రీ మర్చిపోయి వదిలేసిన పలకలాగే ఉంది ఇదీ నిజంగానే. చాలాసేపు దానిమీదే నిలబడ్డాడు.

ఆ మిగిలిన రోజులూ అర్జునరావుతోనే నడిచాడు. చెప్పకుండానే ఆగవలసినచోట ఆగేవాడు. ఇంక ఏ బిల్డింగునీ తిట్టనక్కర్లేదని తెలిశాక అర్జునరావు మొహం తేటపడింది.

బాషా ఎలమంచిలి నుంచి తిరిగి వచ్చాడు. గది గురించి అడిగితే పెదవి విరిచాడు. మేస్త్రీకి సలహాలివ్వడానికి రోజల్లా నిచ్చెన ఎక్కీ దిగీ మోకాలు బెణికిందని, అల్లుడే రైలెక్కించి పంపాడని ఆమినాబీ రహస్యంగా కాశమ్మకి చెప్పింది. బాషా మాత్రం ఎవరికీ చెప్పలేదు. కుంటుతున్నావేమని నీలకంఠం అడిగితే కొత్త చెప్పు కరుస్తోందన్నాడు. కాలికి ఉన్నది పాత చెప్పే.

మర్నాడు ఇద్దరూ మామూలుగా బీచికి వెళ్ళారు. తిరిగి వస్తూ డౌను మొదలయ్యేసరికి బాషా మోకాలి మీద చెయ్యి వేసి నడుస్తున్నాడు. పళ్ళు బిగించి ఉన్నాడు గానీ అడుగు మాత్రం తగ్గించడం లేదు. మొదటి మలుపు ఇంకా రాలేదు. నీలకంఠం ఉన్నట్టుండి రోడ్డు పక్కన ఆగిపోయాడు. అక్కడ కొత్తగా లేచిన అపార్టుమెంటు ఒకటుంది, ముందంతా అద్దాలు.

"ఆగు బావా," అన్నాడు. "ఈ బిల్డింగు సూడు. అస్సలు బాగోలేదు."

బాషా అదిరిపడ్డాడు. ఇన్నేళ్ళ స్నేహంలో నీలకంఠం ఒక బిల్డింగు గురించి మాట్లాడ్డం ఇదే మొదలు.

"ఏటి బాగోలేదు?"

నీలకంఠం అంతదాకా ఆలోచించుకోలేదు. అద్దాలు చూశాడు, గేటు చూశాడు, తనకి తెలిసిన ఒకే ఒక విషయం పట్టుకున్నాడు.

"ఇనుము తక్కువైంది."

"ఇనుము లోపలుంటాది గదా. నీకెలాగ కనబడింది?"

"ఇనుము కరగబెట్టినోణ్ణి. నాకు తెలుస్తాది. నువ్వు ముందు ఇలాగ గోడమీద కూకోని సూడు."

బాషా ఆ గోడ వైపు చూశాడు. కూర్చోడానికి వీలైన ఎత్తులో ఉంది. నీలకంఠం వైపు చూశాడు. నీలకంఠం చాలా శ్రద్ధగా మూడో అంతస్తు కిటికీలు పరీక్షిస్తున్నాడు. బాషా నెమ్మదిగా గోడమీద కూర్చుని, నొప్పికాలు ముందుకి చాపుకుని, ఆ అపార్టుమెంటుని పైనుంచి కిందికి తీరిగ్గా చూశాడు.

"నీకు బిల్డింగుల గురించి ఏటీ తెల్దు బావా," అన్నాడు చివరికి. "ఇది బాగానే ఉంది."

బాగోలేదని నీలకంఠం, బాగుందని బాషా, ఆ అద్దాల ముందు కూర్చుని హాయిగా దెబ్బలాడుకున్నారు. వాచ్‌మన్ బయటికి వచ్చి, ఫ్లాటు కొనడానికి వచ్చారేమోనని మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. మోకాలి పోటు తగ్గాక ఇద్దరూ లేచి, పైనున్న బిల్డింగుని ముందు ఎవరు తిట్టాలన్నదాని మీద వాదించుకుంటూ, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని డౌను ఎక్కారు.