చింతమొద్దుకు పొగ పెట్టిన మా బావ

పుంగనూరులో మా పెరటి నడుమ పెద్ద చింతమొద్దు ఉండేది. చెట్టును మా మామ కొట్టించాడు, మొద్దు మా నెత్తిన పెట్టిపోయాడు. దాన్ని తీయించి అక్కడ పట్టుపురుగులకు షెడ్డు వేసుకోవాలని నా ఆశ. తొంభైల్లో మల్బరీ వేసిన ఇళ్ళల్లో పురుగులు నడింట్లో తట్టల్లో ఉండేవి, మనుషులం వసారాలో పడుకునేవాళ్ళం.

ఆ యేడు కుప్పం నుంచి తెచ్చిన పురుగులు నాలుగో జ్వరం లేచాయి. కుబుసం విడిచే ముందు పురుగు మేత మాని పడుకోవడాన్ని మేం జ్వరం అంటాం. నాలుగోది లేస్తే ఇక రేయింబవళ్ళు మేత మేసి గూళ్ళు కట్టడమే. ఆ గూళ్ళు అమ్మితేనే నా షెడ్డు. అన్నాళ్ళూ ఇంట్లో పోపు వేయలేదు, అగరుబత్తి వెలిగించలేదు. మా ఆయన బీడీ కూడా వీధి చివర కాల్చి, నోరు పుక్కిలించి వచ్చేవాడు. పురుగుకు పొగ పడదని మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు.

తెలియనిది మదనపల్లె నుంచి దిగిన మా బావకే, అంటే మా ఆయన అన్నకు. ఆయనకు రాని విద్య లేదు, చేసిన పనీ లేదు.

"తవ్వేది యాలమ్మా? ఇంగువ పెడితే ఏర్లతో సహా సచ్చిపోతాది" అంటూ నా వంటింట్లోని ఇంగువ డబ్బా పట్టుకుపోయి, మొద్దుకు బొక్కలు పెట్టి కూరాడు. నాలుగు రోజులకు మొద్దు చావకపోగా పక్కన చిగురు వేసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇంగువ కల్తీదన్నాడు. నేను ఫక్కున నవ్వాను. ఆయనకు రోషం పొడుచుకొచ్చింది.

మర్నాడు తోట నుంచి ఆకు కోసుకుని వచ్చేసరికి, మొద్దు మీద బస్తాలకొద్దీ ఊక పోసి, కిరసనాయిలు చల్లి, అంటించి, పంచె ఎగ్గట్టి నిలబడి ఉన్నాడు మహానుభావుడు. గాలి ఇంటివైపే. పొగంతా కిటికీల్లోంచి నడింట్లోకి పోతోంది. మా ఆయన వసారాలో కూర్చుని దగ్గుతున్నాడు. అన్న ముందు నోరు తెరవడం ఆ వంశంలోనే లేదు.

"అయ్యో, లోపల పురుగులుండాయి బావా! ఆర్పండి!"

"రవ్వంత పొగకే సస్తాయా ఏమి? ఊరికే గాబరా పడతాండావు."

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. బిందెలతో నీళ్ళు నేనే పోశాను. ఊక నిప్పు అంత సులభంగా ఆరుతుందా? పైన తడిసినా లోపల రాత్రంతా రగులుతూనే ఉంది.

తెల్లారి చూస్తే, వేసిన ఆకు వేసినట్టే ఉంది. పురుగులు నోట పచ్చటి రసం కక్కి, మెత్తబడి పడి ఉన్నాయి. తట్ట తర్వాత తట్ట, అన్నీ అంతే. నడింట్లో కూలబడి గుండెలవిసేలా ఏడ్చాను.

"పురుగులే కదమ్మా, మళ్ళా తెచ్చుకుంటే సరి. మొద్దు సూడు, ఎట్ల బూడిదయిందో!" అన్నాడు బావ. వీధిలో పోయేవాళ్ళను పిలిచి మరీ, మొద్దు కాలిపోయి పడ్డ గుంత చూపించాడు.

నేను తట్టలు ఒక్కొక్కటే మోసుకొచ్చి, వాళ్ళందరూ చూస్తుండగా ఆ గుంతలో బోర్లించాను. "మన్ను మీరే ఎయ్యండి బావా" అని పార చేతికిచ్చాను.

ఆయన నడుము పట్టుకున్నాడు. ఊక బస్తాలు మోసిన రోజు లేని నొప్పి అప్పుడొచ్చింది. మా ఆయన నేల చూపులు చూశాడు. మన్ను నేనే వేసుకున్నాను.