డైరీలో రాయని ప్రార్థన అంశం

నవంబరు, రెండో ఆదివారం. డబ్లిన్ పక్కన లీక్స్‌లిప్‌లో మా ఇల్లు. హాజరు: నేను, నా భార్య, పాస్టర్‌గారు, నర్సు సువర్ణ, ఆమె భర్త.

పదహారేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. నా డైరీల్లో వాన పడిన రోజులున్నాయి, బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో కూడా ఉంది. ఇది మాత్రం లేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీతో చెబుతున్నాను.

ప్రార్థన ముగిశాక టీవీ పెట్టారు. ఇంగ్లండు సీరియల్. అందులో దీవెన్ డాక్టరుగా వచ్చి, రెండు మాటలని వెళ్లిపోయాడు. దీవెన్ నా స్నేహితుడి కొడుకు, లెస్టర్‌లో పుట్టి పెరిగిన నటుడు.

“మనోడికి ఆ తెల్లకోటు తప్ప ఇంకోటి కుట్టరా అంకుల్?” అంది సువర్ణ. అందరూ నవ్వారు.

నాకు ఒళ్లు మండిపోయింది. స్టేజీ మీద రాజుగా నిలబడి హాలంతా ఊపిరి బిగబట్టేలా చేసినవాడు! వాడికి రెండు మాటలా? ఆ వేషాలిచ్చేవాళ్లకు కళ్లు లేవా? ఉన్నాయో లేవో కానీ, మొదట ఆ కోటు తొడిగింది ఎవరు?

పదహారేళ్ల కిందట నాటకం ఆడటానికి డబ్లిన్ వచ్చి మా ఇంట్లో దిగాడు. టీవీలో ముఖ్యపాత్ర వచ్చిందని చెప్పాడు. విశ్వాసం పోగొట్టుకున్న పాస్టరు పాత్ర. “అమ్మకు నేనే చెప్తా అంకుల్, స్లోగా. మీరెవరికీ చెప్పొద్దు, ప్లీజ్.” సరేనన్నాను.

ఆ ఆదివారమే కూడికలో లేచి, మన బిడ్డ ఒకడు శోధనలో ఉన్నాడు, ప్రార్థన చేద్దాం అంటూ పేరూ పాత్రా రెండూ చెప్పేశాను. ప్రార్థన అంశంగా చెబితే అది చాడీ కాదని మాలో ఒక సౌకర్యం ఉంది. నిజంగా వాడి ఆత్మ కోసమే చెప్పానా, లేక అందరికంటే ముందు నాకే తెలుసని చూపించుకోవడానికా?

మావాళ్లు లెస్టర్‌లోని చుట్టాలకు చెప్పారు. వాళ్లు వెళ్లి వాడి తల్లికి చెప్పారు. ఆమె అన్నం మానేసింది. మూడో రోజున దీవెన్ ఆ పాత్ర వదులుకున్నాడు.

మా వంటగదిలో ప్రెస్, అంటే గోడ అల్మరా, తెరిచి కప్పులు తీస్తూ అడిగాడు. “మీకూ, మా ఏజెంటుకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎవరు లీక్ చేశారు అంకుల్?”

“ఏజెంటు ఆఫీసన్నాక ఎన్ని నోళ్లుంటాయి బాబూ,” అన్నాను.

“సారీ, మిమ్మల్ని అడక్కుండా ఉండాల్సింది.”

వాడు నాకు క్షమాపణ చెప్పాడు! నేను తీసుకున్నాను! వాడి కోసం ప్రతి తలుపూ తట్టిన ఆ ఏజెంటమ్మతో ఆ వారమే తెగతెంపులు చేసుకున్నాడు. ఆ తర్వాత డాక్టర్లు, టాక్సీ డ్రైవర్లు, మందుల షాపువాళ్లు. స్టేజీ మీద కూడా పెద్ద పాత్ర మళ్లీ రాలేదు.

ఈ పొద్దున, సోమవారం, తొమ్మిదికి దీవెన్‌కు ఫోన్ చేసి, అప్పుడు కూడికలో చెప్పింది నేనేనన్నాను.

“మా ఏజెంటు పోయిన సంవత్సరం చనిపోయింది అంకుల్. నేను ఫ్యూనరల్‌కి కూడా వెళ్లలేదు.” వెనక షూటింగులో ఎవరో కేకేశారు. “నన్ను పిలుస్తున్నారు. కోటు వేసుకోవాలి,” అని పెట్టేశాడు.

పాత డైరీ తీశాను. ఆ ఆదివారం పేజీలో ‘వాన. కూడిక బాగా జరిగింది’ అని ఉంది. దాని కింద రాశాను: ‘నేనే చెప్పాను. ఆమె కాదు.’