దండం పెట్టేలోపే వచ్చే కరెంటు

నాచారంలో ఒక రేకుల షెడ్డులో మేం నీళ్ల మోటార్లు నడిపే బోర్డులు చేసేవాళ్లం. వాటిలో మోటారును నడిపించే చిప్, అంటే మైక్రోకంట్రోలర్, చుట్టూ సర్క్యూట్ గీసింది నేనే. కాలేజీకి పోలేదు, ఉప్పల్‌లో మా ఇంట్లోనే రేడియోలు బాగుచేసే నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అదీ దేవుడి దయే.

ఆ ఎండాకాలం బోర్డులు తిరిగి రాసాగాయి. కరెంటు పోయి రాగానే బిగుసుకుపోతున్నాయట. మా బల్ల మీద మాత్రం అన్నీ చక్కగా నడిచేవి. పంపడం, మళ్లీ రావడం. బస్సు దిగి ఇంటిదాకా నడిచే ఓపిక కూడా ఉండేది కాదు.

"గిట్లనే వాపస్ వస్తే సేటు మనల్ని ఇడిసిపెడ్తడు, చెల్లె. ఇగ షెడ్డుకు తాళమే," అన్నాడు యజమాని. మా బోర్డులు కొనేది ఆ సేటు ఒక్కడే.

చివరికి సేటే వచ్చాడు. మా పరీక్ష ఎప్పటిలాగే చేసి చూపించాను. స్విచ్ ఆపి, బోర్డును తాకి కళ్లకద్దుకుని, మనసులో దేవుణ్ణి తలచుకుని, మళ్లీ వేశాను. షెడ్డులో అందరిదీ అదే అలవాటు. బోర్డు నడిచింది.

సేటు నవ్వాడు. "ఏందక్కా, మా బస్తీల కరెంటు నీ దండం అయ్యేదాంక ఆగుతదా?" అంటూ స్విచ్‌ను టకటకా ఆపి, వెంటనే మళ్లీ వేశాడు. బోర్డు బిగుసుకుపోయింది.

అప్పుడు తెలిసింది. కరెంటు వచ్చినప్పుడల్లా చిప్‌ను మొదటి నుంచి మొదలుపెట్టించడానికి, కరెంటును కాసేపు దాచుకునే ఒక కెపాసిటర్ పెట్టాను. అది పూర్తిగా ఖాళీ అయితేనే ఆ పని చేస్తుంది. మేం దండం పెట్టుకునేలోపు తీరిగ్గా ఖాళీ అయ్యేది. కరెంటు రెప్పపాటులో తిరిగొస్తే మాత్రం ఖాళీ కాదు.

కెపాసిటర్ త్వరగా ఖాళీ అయ్యేలా డయోడ్ కలిపాను. టకటకా వేస్తే నడిచింది. కానీ వోల్టేజీ మెల్లగా దిగి, షెడ్డులో బల్బు ఎర్రబడి మళ్లీ వెలిగితే పాత కథే. ఆఖరికి ఆ కెపాసిటర్‌ను తీసేసి, వోల్టేజీ తగ్గగానే మైక్రోకంట్రోలర్‌ను ఆపి, సరిపడా వచ్చాకే వదిలే మూడు కాళ్ల రీసెట్ చిప్ పెట్టాను.

సేటు మళ్లీ వచ్చి స్విచ్‌తో ఆడాడు, వోల్టేజీ తగ్గించి పెంచాడు. బోర్డు ప్రతిసారీ లేచింది.

"మంచిగుంది. గని ముందుగాల నా పాతయన్నీ మార్చియ్యుండ్రి. గా తర్వాతనే కొత్త ఆర్డర్."

గోడ పక్కన సంచుల నిండా పాత బోర్డులు. భుజాలు లాగుతున్నాయి. తాళం తప్పినందుకు దేవుడికి మొక్కుకుని, మొదటి సంచి మూతి విప్పాను.