నీలకంఠం కట్టిన పాటపెట్టె

నీలకంఠం చెవి మంచిదని పోర్టు వర్క్‌షాపులో అందరూ ఒప్పుకునేవారు. కాలిపోయిన మోటారుకు కొత్త తీగ చుట్టి, తిప్పి, కళ్ళు మూసుకుని కాసేపు వినేవాడు. "బేరింగు కూడా పోయింది, మార్చండి" అనేవాడు. విప్పి చూస్తే పోయే ఉండేది.

ఎలమంచిలి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంట్లో మూడోవాడు. ఐటీఐ చదివి విశాఖపట్నం వచ్చాడు. ఉద్యోగం దొరికాక అసిరమ్మతో పెళ్ళయింది. ఫిషింగ్ హార్బరుకు ఎగువన, జాలర్ల ఇళ్ళ వరస చివర, రెండు గదుల ఇల్లు అమరింది. ఆ వరసలో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఇతని గోడకు అవతల ఎల్లారావు. సముద్రం మీద వేట. ఇంట్లో తల్లి అప్పాయమ్మ, భార్య గంగాలమ్మ. కులాలు వేరైనా మగవాళ్ళిద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. పడవ నిండుగా వచ్చిన రోజు అప్పాయమ్మ రెండు చేపలు ఆకులో చుట్టి ఇతని గుమ్మంలో పెట్టి, పిలవకుండానే వెళ్ళిపోయేది.

ఎనభైలు వచ్చాక నీలకంఠానికి స్టీరియో పిచ్చి పట్టింది. యాంప్లిఫయరు తనే టంకం వేసి కట్టాడు. టేకు చెక్కతో పెట్టె కట్టించాడు. అందులో కింద పళ్ళెమంత స్పీకరు, పైన గిన్నెమూతంత స్పీకరు. లావు శబ్దాలు కిందికీ సన్న శబ్దాలు పైకీ విడిపోవాలి. దానికో రాగితీగ చుట్ట కావాలి. బజారులో దొరికేది అతనికి నచ్చలేదు. తనే చుట్టుకున్నాడు. చుట్లు పెంచేకొద్దీ కింది స్పీకరులోంచి మనిషి గొంతు జారిపోయి డోలకు మాత్రం మిగిలేది. ఒక చుట్టు వేసి వినేవాడు. ఒక చుట్టు విప్పి వినేవాడు. ఆదివారాలు అలాగే గడిచాయి.

వినడానికి జనం వచ్చేవారు. స్టీలుప్లాంటు ఇంజనీరు గురునాథరావు గారు కూడా ఒకసారి జీపులో వచ్చారు. ఆవేళ అప్పాయమ్మ పిట్టగోడ మీద చేపలు ఎండబెట్టింది. ఆయన జేబురుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నారు. నీలకంఠానికి మొహం చెల్లలేదు.

"ఏం చెయ్యమంటారండీ, ఈళ్ళ పక్కన పడ్డాక ఈ కంపు తప్పదు" అన్నాడు.

కాస్త గట్టిగానే అన్నాడు. గుమ్మంలో వల బాగుచేసుకుంటున్న ఎల్లారావు తల ఎత్తి చూశాడు. మళ్ళీ వల మీదికి వంగాడు. ఆ సాయంత్రానికి పిట్టగోడ ఖాళీ అయింది. ఆ తరవాత ఆకులో చేపలు రాలేదు. బావా అన్న పిలుపూ రాలేదు.

మరుసటి ఏడు అప్పాయమ్మ పోయింది. నీలకంఠం శవం వెనక శ్మశానం దాకా నడిచాడు. ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి వచ్చాడు. దినం అయ్యేదాకా ఆ వరసలో ఎవరూ రేడియో పెట్టరు. అతనూ పెట్టెమీద దుప్పటి కప్పాడు.

అప్పుడే గురునాథరావు గారి కబురు వచ్చింది. ఆదివారం వచ్చి వింటారట, బాగుంటే తన క్వార్టరుకు అలాంటి పెట్టే కట్టించుకుంటారట. కింది స్పీకరు ఈమధ్యే మార్చిన కొత్తది. దాని అట్ట బిగుసుగా ఉంది. లావు శబ్దం గంటలకొద్దీ వాయిస్తే తప్ప సాగదు. నీలకంఠం ఒక పూట ఆలోచించాడు. పై స్పీకరు తీగ విప్పేశాడు. ట్రెబుల్ పూర్తిగా తగ్గించాడు. బేస్ మాత్రం ఉంచి టేపు పెట్టాడు.

అసిరమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"పక్కింట్లో దినాలవ్వనేదు. ఇప్పుడేటిది?"

"పాట కాదే. పాటేటైనా వినిపిత్తందా నీకు?"

ఆమె చెవి ఒగ్గింది. "నేదు. ఎవరో గొణుగుతన్నట్టుంది."

"మరింకేటి. గోడ దాటదు."

పెట్టెను గదిలో అటూ ఇటూ జరిపి చూశాడు. నడిమధ్య పెడితే శబ్దం పలచగా ఉంది. మూలకు నెట్టి, ఎల్లారావు గోడకు ఆనించగానే నిండుగా లేచింది. మంచి చోటని తెలిసింది. గోడకు అరచెయ్యి ఆనించాడు. గోడ చేతికింద సన్నగా వణికింది. అతనికి గర్వంగా అనిపించింది. ఆ వణుకు గోడలోనే ఆగిపోదు కదా అని కూడా అనిపించింది. చెయ్యి తీసేశాడు. టేపు ఆపలేదు.

పొద్దుట పెట్టేవాడు, డ్యూటీకి పోయేవాడు. రెండువైపులా దానంతటదే తిరగేసుకుని వాయించే డెక్కు అది. వచ్చి టేపు మార్చి మళ్ళీ పెట్టేవాడు. అసిరమ్మ ఆ గొణుగుడుకు అలవాటు పడిపోయింది.

దినం ముందురోజు ఆమే అంది: "ఓపాలి ఎల్లి కూకోని రా. ముసిల్ది ఎన్ని సేపలు పెట్టింది మనకి! రేపు దినం. మొగం సూపించకపోతే ఏటి బాగుంటాది?"

నీలకంఠం చొక్కా తొడుక్కుని పక్కింటికి వెళ్ళాడు. టేపు తిరుగుతూనే ఉంది.

ఎల్లారావు గడ్డం పెరిగి చాప మీద కూర్చుని ఉన్నాడు. పక్కన గంగాలమ్మ. గోడవార అప్పాయమ్మ చెల్లెలు దేముడమ్మ. గుమ్మం దగ్గర చుట్టాలు ముగ్గురు నలుగురు. నీలకంఠం చాప అంచున కూర్చున్నాడు.

దుమ్. దుమ్. దుమ్.

మొదట తన గుండె అనుకున్నాడు. గొంతు లేదు, పాట లేదు. ఉత్త దరువు. గోడలోంచి వస్తోంది, నేలలోంచి వస్తోంది, కూర్చున్న తొడల్లోకి ఎక్కుతోంది. తన ఇంట్లో అది ఎన్నడూ ఇలా వినిపించలేదు. చనిపోయిన మనిషికి పెట్టిన దీపం గోడ దగ్గర లేదు. గది నడుమకు జరిపి, చుట్టూ ఇసక పోశారు. గూట్లో స్టీలు పళ్ళేల మధ్య పాత చీరపేలికలు దూర్చారు, గణగణమనకుండా. ప్రతి పళ్ళేనికీ ఒక పేలిక. ఒక్కరూ వచ్చి అతని తలుపు తట్టలేదు.

దేముడమ్మ అతన్ని తేరిపార చూసింది.

"రా బాబూ, కూకో. మా యక్కకి బాజాల్లేవని మనసులో కొట్టుకునీవోళ్ళం. పిలవకండానే డప్పు వచ్చింది గదా!"

గుమ్మంలో ఎవరో నవ్వి, దగ్గులోకి మార్చుకున్నారు.

"ఊరుకో అత్తా" అంది గంగాలమ్మ.

"నానేటన్నాను? మెచ్చుకుంటన్నాను. సచ్చిపోయిన మనిసికి ఈ బాబు సేసినంత సేవ ఎవులూ సెయ్యలేదు. తెల్లారగట్ల మొదలెట్టి దీపాలయేళ దాకానూ."

ఎల్లారావు చెయ్యి ఎత్తాడు. ఆమె ఆగింది. అతను నీలకంఠం వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు.

"బావా. అప్పుడు సేపల కంపు కాడ మాటొచ్చి పలకరింపులు పోనాయి గదా, అది కడుపులో ఎట్టుకుని సేత్తన్నావని ఈళ్ళంటన్నారు. నాను నమ్మనేదు. నువ్వు సెప్పు. తెలిసే సేసేవా?"

ఏడాది తరవాత ఆ బావా అన్న పిలుపు. నీలకంఠం అరచెయ్యి మూసుకున్నాడు. తెలిసీ తెలియనట్టు చేశానని చెప్పడానికి ఒక మాట ఉండాలి. దాని కోసం వెతికాడు. అందరూ చూస్తున్నారు.

"తెల్దు బావా" అన్నాడు. "మా ఇంట్లో ఏటీ వినపడదు. అసిరమ్మనడుగు."

ఇంట్లో వినపడదన్నది మాత్రం నిజం.

"సెప్పేనా!" ఎల్లారావు చాప మీద చేత్తో కొట్టాడు. "సెప్పేనా నేదా? మా బావ అలాటోడు కాడు. ఎల్లి ఆపీసి రా బావా, మాటాడుకుందారి."

దేముడమ్మ కొంగు సవరించుకుని పక్కకు జరిగి, తిరిగి వచ్చాక అతను కూర్చోవడానికి చోటు చేసింది.

మర్నాడు దినం భోజనాలకు ఎల్లారావు అతన్ని చెయ్యి పట్టుకుని మొదటి బంతిలో కూర్చోబెట్టాడు. "మా యమ్మకి కోనాం సేపంటే పేణం. ఎయ్యవే మా బావకి, ఇంకో ముక్కెయ్" అని భార్యను కేకేశాడు. నీలకంఠం వేసిందల్లా తిన్నాడు. వద్దనే హక్కు తనకు లేదనిపించింది.

ఆదివారం గురునాథరావు గారు వచ్చేసరికి పెట్టె గది నడుమ, ఇటికల మీద ఉంది. బేస్ సగానికి దించి ఉంది. ఆయన కాసేపు విన్నారు.

"ఏమిటయ్యా, ఊపు తగ్గింది? మూలకి పెట్టి చూడు."

"ఇంతేనండి. ఇది ఇంతకన్నా పలకదండి."

ఆయన టీ తాగి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

గంగాలమ్మ ఆకులో చేపలు తెచ్చి పెట్టసాగింది. ఎల్లారావు వేట లేని రోజుల్లో వచ్చి పాటలు వినేవాడు. ఒకసారి ఇద్దరే ఉన్నప్పుడు నీలకంఠం మొదలుపెట్టాడు.

"బావా, అప్పుడు నువ్వడిగేవు కదా, మీ యమ్మ దినాల్లో..."

"ఇంకా అదే పట్టుకుని ఏలాడతన్నావా?" ఎల్లారావు అతని వీపు మీద చరిచాడు. "తెలీక సేసిందానికి ఎంత కుమిలిపోతావ్! అందుకే నువ్వంటే నాకు మరియాద."

నీలకంఠం తీగ చుట్ట చేతిలోకి తీసుకుని దుమ్ము తుడిచాడు. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

ఎల్లారావు మాత్రం ఎత్తేవాడు. హార్బరు దగ్గర టీకొట్టులో కొత్తవాళ్ళెవరైనా తగిలితే, ఇరుగూపొరుగూ తగువుల ఊసు వస్తే, నీలకంఠం భుజం మీద చెయ్యి వేసి చెప్పేవాడు: "తెలిసి సేసినోడైతే ఆవేళే గోడ పడగొట్టీసీవోణ్ణి. ఎదురుగా అడిగేను. తెల్దన్నాడు. మా బావ మాటంటే మాటే."

విన్నవాళ్ళు నీలకంఠం వైపు గౌరవంగా చూసేవారు. అతను సగం తాగిన గ్లాసు బల్లమీద పెట్టి, వంగి, బెంచీ కింద చెప్పుల కోసం వెతికేవాడు. చెప్పులు కాళ్ళకే ఉండేవి.